ఇప్పనూనె: నలభై రోజులు, రెండు లీటర్లు

జూన్ 8న మొదటి గింజ ఏరాను. జూలై 18న ఆ నూనెలో మొదటి గారె వేశాను. మధ్యలో నలభై రోజులు. చేతికి వచ్చింది రెండు లీటర్ల చిల్లర. ఇంట్లోనే ఇప్పనూనె తీసుకుందామని ఎవరైనా సరదా పడితే ముందు ఈ లెక్క చూసుకుని దిగండి. దిగొద్దని అనను. నేను వచ్చే ఏడాది కూడా తీస్తాను. చిక్కల్లా ఒకటే, నేను మిషన్ కుట్టుకునేదాన్ని. ఇప్పకాయలు రాలిపడేదీ, బడిపిల్లల యూనిఫాంలు కుట్టించుకునేదీ ఒకే నెల.

మా అత్తగారి ఊరు భద్రాచలం నుంచి చర్ల వెళ్ళే దారిలో ఉంటుంది. నేను పుట్టి పెరిగింది కైకలూరు పక్కన, చేపల చెరువుల మధ్య. పెళ్ళై పదహారేళ్ళయినా ఇప్పచెట్టంటే నాకు మార్చి నెలలో వచ్చే ఆ మత్తు వాసనే. పువ్వు ఏరతారని తెలుసు, సారా కాస్తారని తెలుసు. కాయ సంగతి పట్టించుకోలేదు. ఈ వేసవిలో ప్యాకెట్ నూనెతో గారెలు వేస్తుంటే మా అత్తమ్మ, "మా చిన్నప్పుడు ఇప్పనూనెతో చేసేవాళ్ళు. రెండో రోజుకి కూడా మెత్తగా ఉండేవి" అంది. మామూలుగా అన్న మాటే. నాకు మాత్రం పట్టుకుంది.

మా పొలం గట్టు మీద ఒక ఇప్పచెట్టు ఉంది. జూన్ 8 పొద్దున్నే వెళ్ళి చూస్తే కింద ఆకుల్లో కాయలు పడి ఉన్నాయి. పచ్చగా, కాస్త పసుపు తిరిగి, మెత్తగా. పిసికితే లోపల ఒకటో రెండో గింజలు, నున్నగా గోధుమరంగులో మెరుస్తూ, సపోటా గింజకు అన్నలా ఉన్నాయి. రెండూ ఒకే కుటుంబం చెట్లట, పాలు కారే గుణం కూడా అదే. ఆ పాలు చేతికి అంటితే సబ్బుకు పోవు. మొదటిరోజు జిగురు చేతులతోనే మిషన్ ముందు కూర్చుంటే తెల్లచొక్కా గుడ్డ మీద వేలిముద్రలు పడ్డాయి. ఆ గుడ్డ డబ్బులు నేనే కట్టుకున్నాను, 180 రూపాయలు. ముందే చేతులకు కాస్త కొబ్బరినూనె రాసుకుని ఏరితే ఆ బాధ ఉండదని మూడోరోజుకు తెలిసింది.

కాయల కంటే ఒట్టి గింజలే ఎక్కువ దొరికాయి. రాత్రిపూట గబ్బిలాలు కండ తిని గింజ వదిలేస్తాయి, పగలు చిలకలు. కష్టమంతా అవే పడి, శుభ్రంగా ఒలిచి కింద పడేస్తున్నట్టు ఉంటుంది. కానీ మా ఆయనకు గబ్బిలం ఎంగిలి అంటే భయం. ఆయన పోరు పడలేక చేతికి కవర్లు తొడుక్కుని ఏరడం, ఇంటికి తేగానే సబ్బునీళ్ళతో కడగడం అలవాటు చేసుకున్నాను. ఆ జాగ్రత్త మంచిదే, మానొద్దు.

రెండోరోజు ఒక తప్పు చేశాను. మా చెట్టు కింద రెండు కిలోలు కూడా కాలేదు. కొంచెం ముందుకెళ్తే చేను దాటాక మూడు పెద్ద చెట్లు, కింద చాప పరిచినట్టు గింజలు. ఎవరూ లేరు, ఏరుకొచ్చేశాను. సాయంత్రం మా వీధి చివర ఉండే కోయ పెద్దమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది. మంచినీళ్ళు తాగింది, మా అత్తమ్మ మోకాలి గురించి అడిగింది, ఆఖర్న నా వైపు చూసి, "మా చెట్ల కిందికి పోయినవంట గదా బిడ్డా" అంది. కోపంగా అనలేదు. అందుకే ఇంకా సిగ్గేసింది. చెట్టు మీద పేరు రాసి ఉండదు గానీ ఏ చెట్టు ఎవరి ఇంటిదో ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం ఇలాంటి అటవీ ఉత్పత్తుల మీద హక్కు అక్కడి ఆదివాసులకూ, తరతరాలుగా అడవి మీద బతికేవాళ్ళకూ ఇచ్చింది. చట్టం కంటే ముందునుంచే ఈ కట్టుబాటు ఉంది. ఆవిడ ఆ గింజలు ఎండబెట్టి సంతలోనో, గిరిజన సహకార సంస్థ డిపోలోనో అమ్ముకుంటుంది. నేను సరదాకు ఏరినవి ఆవిడకు ఉప్పు, కారం డబ్బులు.

గంప తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. సగం తీసుకుని సగం నాకే వదిలింది. అప్పటినుంచి అదే ఒప్పందం అయింది. ఆ మూడు చెట్ల కింద ఇద్దరం కలిసి ఏరడం, చెరి సగం. మా చెట్టువి మావి. ఈ నలభై రోజుల్లో నాకు తెలిసిన పనంతా ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. తెలియకుండా చేసినవి మాత్రం నా సొంతం.

జూన్ 22 వరకు పదకొండు రోజులు వెళ్ళాను. పొద్దున ఐదున్నరకు బయల్దేరితే ఏడున్నరకు ఇల్లు. అంతకంటే ముందు పెద్దమ్మ రానిచ్చేది కాదు. ఎలుగుబంటికి ఇప్పపువ్వన్నా ఇప్పకాయన్నా ప్రాణం, చీకట్లో చెట్టు కింద దాని పని దాన్ని చేసుకోనివ్వాలి అనేది. ఎలుగు కనపడలేదు గానీ ఒకరోజు తడిమట్టి మీద దాని పంజా గుర్తులు చూపించింది. ఆ రోజు గింజలు తక్కువ ఏరాను, వెనక్కి తిరిగి చూడటం ఎక్కువైంది.

పంపకాలు పోగా నా వాటాకు వచ్చిన పచ్చి గింజలు 26 కిలోలు. ఇరవై ఆరు కిలోలు అనగానే నేను వంటింట్లో నూనె డబ్బాలు ఎక్కడ పెట్టాలా అని ఆలోచించాను. ఇప్పుడు నవ్వొస్తుంది.

అసలు కష్టం నూనె పిండటం కాదు, ఎండబెట్టడం. ఇది నాకు ముందు ఎవరూ చెప్పలేదు, పెద్దమ్మ చెప్పిందేమో నేను వినలేదు. ఈ కాయ పండేది వానలు దిగే వేళకే. ఈసారి మే నెలాఖరుకే వానలు వచ్చి, మధ్యలో కాస్త తెరిపి ఇచ్చాయి. ఆ తెరిపి చూసి ధైర్యపడ్డాను. మొదటి ఐదురోజుల గింజల్ని డాబా మీద పరిచి, పెంకు కాస్త ఎండగానే గోనెసంచిలో పోసి మూలన పెట్టాను. జూన్ 13, 14 తేదీల్లో ముసురు. యూనిఫాంల హడావిడిలో సంచి వైపు చూడలేదు. 15న మూతి విప్పితే వేడి ఆవిరి ముఖానికి కొట్టింది. చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉంది. గింజల మీద తెల్లగా, అక్కడక్కడ ఆకుపచ్చగా బూజు. ఏడుపొచ్చింది. ఐదు పొద్దుల నడుం నొప్పి ఆ సంచిలో ఉంది.

పగలగొట్టి చూసి, పప్పు తెల్లగా ఉన్నవి ఉంచి, నల్లబడ్డవి తీసేశాను. ఎండు లెక్కన మూడు కిలోల పప్పు దాకా పోయింది. మా అత్తమ్మ, "కడిగి ఎండబెడితే దీపానికైనా పనికొస్తుంది కదే" అంది. దీపానికే అని పక్కన పెట్టిన నూనె ఏదో ఒక రోజు బాణలిలోకి వస్తుందని నాకు తెలుసు. బూజు పట్టిన గింజ తిండినూనెకు వద్దని మొండికేశాను. వేపచెట్టు మొదట్లో గొయ్యి తీసి కప్పేశాం.

అప్పటినుంచి పద్ధతి మార్చాను. గింజ తెచ్చిన రోజే కడిగి, ఒకరోజు ఆరనిచ్చి, పెంకు తీసేయడం. పచ్చిగా ఉంటే పెంకు తోలులా సాగుతుంది, బాగా ఎండితే పప్పుకు అతుక్కుంటుంది. ఒకరోజు ఆరిందైతే చిన్న రాయితో ఒక్క దెబ్బకు చిట్లుతుంది. లోపల రెండు బద్దలు. ఆ బద్దలు విడదీసి పరిస్తే గింజగా ఉన్నప్పటికంటే సగం రోజుల్లో ఎండుతాయి. రాత్రిళ్ళు టీవీ ముందు కూర్చుని నేనూ, మా అత్తమ్మా, మా అమ్మాయీ కొట్టేవాళ్ళం. బొటనవేలు గోరు నల్లబడని వాళ్ళు ఇంట్లో లేరు.

ఎండ లేనప్పుడు ఏం చేశామంటే, పడకగదిలో కింద టార్పాలిన్ పరిచి, దాని మీద పాత చీర వేసి, ఫ్యాను పూర్తి స్పీడులో పెట్టాం. టార్పాలిన్‌కు 600. నూనె వాసన, కాస్త కమురు వాసన కలిసి గదంతా పట్టేసింది. మా ఆయన దుప్పటి తీసుకుని వరండాలోకి వెళ్ళాడు, మూడు వారాలు అక్కడే. పెద్దమ్మ ఇంట్లో అయితే పొయ్యి మీద ఎత్తులో వెదురుతడక కట్టి ఉంటుంది, రోజూ వంట పొగకే ఎండిపోతాయి. నాది గ్యాసు పొయ్యి. ఈ ఒక్క విషయంలో ఆవిడ వంటిల్లే నా వంటింటికంటే మెరుగు.

జూలై 1కి బద్ద విరిస్తే టక్కున విరిగింది. తూచితే 9 కిలోలు.

ఇప్పుడు నూనె తీయడం. నాకు తెలిసిన ఒకే ఒక పద్ధతి మా అమ్మమ్మ ఆముదం వండటం. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడికిస్తే నూనె పైకి తేలుతుంది, గరిటెతో తీసి కాచుకుంటుంది. చిన్నప్పుడు ఎన్నిసార్లో చూశాను. ఇదీ అంతే కదా అనుకుని జూలై 3న రెండు కిలోల బద్దలు దంచి, పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి పెరట్లో కట్టెల పొయ్యి మీద ఎక్కించాను. పెద్దమ్మను అడగలేదు. మా అమ్మమ్మ విద్య అని కాస్త పొగరు.

పావుగంటకు నురగ మొదలైంది. మామూలు పొంగు కాదు. కుంకుడుకాయలు పిసికినట్టు తెల్లటి నురగ, గిన్నె దాటి, పొయ్యి మీద పడి, మంట ఆరిపోయింది. మళ్ళీ రాజేశాను, మళ్ళీ పొంగింది. కలిపితే ఇంకా పొంగుతుంది. మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి, "అమ్మా, బట్టలు ఉతుకుతున్నావా?" అంది. ఇప్పపప్పులో సాపోనిన్లు అనే పదార్థాలు ఉంటాయి, కుంకుడుకాయకు నురగ తెచ్చేవీ అలాంటివే. నీళ్ళు తగిలితే నూనె విడిపోకుండా ఆ నురగలోనే చిక్కుకుంటుంది. మధ్యాహ్నం మూడింటి దాకా పోరాడి, నురగ తోడి తోడి, అడుగున మిగిలింది కాచితే చిన్న గ్లాసుకు సగం, 120 మిల్లీలీటర్లు. నాలుక మీద చుక్క వేసుకుంటే చేదు, గొంతులో గీరింది.

ఆ రోజు కథ అక్కడితో అయిపోలేదు. తోడిన నురగ నీళ్ళు పెరటి వెనక వానకాలువలో పారబోశాను. గంట తర్వాత మా అమ్మాయి పిలిస్తే వెళ్ళి చూద్దును, కాలువలో వానకు ఎక్కొచ్చిన బుల్లి పరకచేపలు వెల్లకిలా తేలుతున్నాయి. భయమేసి మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడికి కైకలూరులో చేపల చెరువులున్నాయి. నవ్వాడు. "అక్కా, ఇప్పచెక్క తెలియదా నీకు? నూనె తీసేశాక మిగిలే పిప్పి. పిల్ల వదిలే ముందు చెరువులో పనికిరాని చేపల్ని చంపడానికి మేం వేసేది అదే కదా. వేశాక రెండు మూడు వారాలు ఆగి గానీ పిల్ల వదలం" అన్నాడు. చిన్నప్పుడు మా గట్టు మీద ఆ బస్తాల మీద ఎక్కి ఆడుకున్నాను. అది ఈ చెట్టుదని ఎన్నడూ అనుకోలేదు.

కాబట్టి గట్టిగా చెప్తున్నాను. నూనె వేరు, పిప్పి వేరు. పప్పు నమలొద్దు, పిప్పి కోళ్ళకూ గేదెలకూ వేయొద్దు, కడిగిన నీళ్ళు చెరువు దరిదాపుల్లో పారబోయొద్దు.

మర్నాడు పెద్దమ్మ దగ్గరికి తలొంచుకుని వెళ్ళాను. కథంతా విని పొట్ట పట్టుకుని నవ్వింది. నీళ్ళలో ఉడికించకూడదు, ఆవిరి మాత్రమే పట్టాలి, పట్టి వేడి మీదే నొక్కాలి అంది. వాళ్ళ నాన్న కాలంలో రెండు పెద్ద దుంగల మధ్య బుట్టలో పెట్టి, ఒక చివర మనుషులు ఎక్కి కూర్చునేవాళ్ళట. ఆ దుంగలు ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి. ఇప్పుడు వాళ్ళు నూనె తీయడం లేదు, గింజలు అమ్మేసి ప్యాకెట్ కొనుక్కుంటున్నారు. "మీ ఇంట్ల నలుగురు ఎక్కి కూసునేటోళ్ళు ఉన్నరా?" అంది. మా ఇంట్లో ఉన్నది నలుగురమే, అందులో ఒకరికి మోకాళ్ళు లేవు.

ఇక్కడ మా ఆయనకు హుషారొచ్చింది. ఆయన ట్రాలీ ఆటో నడుపుతాడు, అంతకుముందు లారీ నడిపాడు. ఆనాటి జాకీ, పది టన్నులది, ఇంకా బండిలోనే ఉంది. "లారీని లేపేది గింజను నలపదా?" అన్నాడు. జూలై 5న వెల్డింగ్ షాపుకు వెళ్ళి బొమ్మ గీసి చూపించాడు. చానెల్ ఇనుముతో నిలువు చట్రం, మధ్యలో నాలుగంగుళాల పైపు ముక్క ఎనిమిది అంగుళాల పొడవున, దానికి కింది సగంలో సన్న బెజ్జాలు, అడుగున గాడి ఉన్న పళ్ళెం, పైపులో సరిగ్గా దిగే గుండ్రటి మందపాటి బిళ్ళ. బిళ్ళ మీద జాకీ, జాకీ నెత్తి చట్రానికి ఆనుతుంది. రెండు రోజుల్లో ఇస్తామన్నది నాలుగు రోజులైంది, 9న ఇచ్చారు. చట్రం, బిళ్ళలు కలిపి 1,900, పైపుకు, బెజ్జాలకు 450. తెచ్చాక పైపును బూడిద, సబ్బు వేసి రెండుసార్లు మరగబెట్టాను, కొత్త ఇనుముకు పూసే నూనె పోవాలి కదా. జాకీలో ఉండే నూనె కారి ఇందులో పడితే అంతే సంగతులు. అందుకని జాకీ కింద అంచులున్న స్టీలు పళ్ళెం ఒకటి పెట్టాం. ఇలాంటిది చేయించుకునేవాళ్ళు ఆ పళ్ళెం మర్చిపోవద్దు.

దంచడం ఇంకో తతంగం. పిండిమిల్లు అతను సంచి వాసన చూసి, జల్లెడ మూసుకుపోతుందని వద్దన్నాడు. మిక్సీలో వేస్తే రెండు నిమిషాలకు ముద్దై బ్లేడుకు చుట్టుకుంది. చివరకు రోలూ రోకలే. మరీ మెత్తగా కాదు, బియ్యపు రవ్వకంటే కాస్త బరక.

జూలై 10 సాయంత్రం మొదటి వాయి. ఏడు వందల గ్రాముల పొడి ఇడ్లీపాత్రలో గుడ్డ వేసి ఇరవై నిమిషాలు ఆవిరి పట్టి, మా ఆయన పాత పంచె ముక్కలో మూటగట్టి పైపులో దింపాం. జాకీ పంపు కొడుతుంటే ఐదో దెబ్బకు బెజ్జాల దగ్గర చెమ్మ, పదో దెబ్బకు చుక్కలు. అందరం కింద కూర్చుని చూస్తున్నాం. మా అత్తమ్మ కళ్ళజోడు తెప్పించుకుంది. ఇంకాస్త, ఇంకాస్త అని కొడుతుంటే లోపల ఫట్‌మని చప్పుడు. పంచె చిరిగి, పిండి బెజ్జాల్లోంచి సేమియాలా బయటికి వచ్చింది. నూనె అంతా ముద్ద. పిండి గోరుతో తీసి బెజ్జాలు పుల్లతో పొడుచుకునేసరికి రాత్రి పది. రెండు తప్పులని తర్వాత తెలిసింది. గుడ్డ పలచన, కొట్టడం తొందర. కడిగిన గోనెసంచి ముక్క రెండు పొరలు వేసి, నాలుగు దెబ్బలు కొట్టి, నూనె జారే దాకా ఆగి, మళ్ళీ నాలుగు దెబ్బలు కొట్టాలి.

11న పొద్దున మా ఆయన సిమెంటు బస్తాలతో చర్ల వైపు వెళ్ళాడు. జాకీ నా దగ్గరే ఉంది. టైరు ఆరోజే పంక్చర్ అవ్వాలా? రెండు గంటలు రోడ్డు మీద నిలబడి, ఎవరో ట్రాక్టర్ అతని దగ్గర జాకీ అడుక్కుని వచ్చాడు. ఇంటికొచ్చి ఏమీ అనలేదు. అన్నం తింటూ ఒక్కమాట, "నీ నూనె లీటరు ఎంత పడుద్దో?" అన్నాడు.

12, 13 తేదీల్లో మిగతాదంతా తీశాం. తొమ్మిది వాయిలు, ముందు చెడిపోయిన పిండి కూడా మళ్ళీ ఆవిరి పట్టి కలిపి పది. ఒక్కో వాయికి ఆవిరి నుంచి పిప్పి తీసే దాకా యాభై నిమిషాలు. బయట వాన, గాలి చల్లగా ఉండటంతో పైపు చల్లబడి నూనె సగంలో ఆగిపోయేది. ప్రతి వాయికి ముందు పైపును వేడినీళ్ళలో ముంచి, తుడిచి పెడితే ధార తెగలేదు. ఆ ధార చూసిన ముచ్చట మాత్రం రాయకుండా ఉండలేను. పల్చటి పసుపు రంగు, వెచ్చగా, గాడిలోంచి గిన్నెలోకి సన్నగా దారంలా దిగుతుంటే మిషన్ కండెలోంచి దారం వచ్చినట్టే అనిపించింది. పెద్దమ్మ వేలు ముంచి మోచేతికి రాసుకుంది. ఏమీ మాట్లాడలేదు, ఆ వాయి అయ్యేదాకా అక్కడే కూర్చుంది.

ఇప్పపప్పులో మూడో వంతుకు పైగా, మంచి గింజైతే సగం దాకా కూడా నూనె ఉంటుంది. మా జాకీకి దక్కింది పాతికకు కాస్త ఎక్కువ, అంటే కిలోకు పావుకిలో పైన. పిప్పి చేత్తో నలిపితే ఇంకా జిడ్డుగానే ఉంది. అయినా మొదటిసారికి చాలనుకున్నాం.

14 తెల్లారి చూస్తే గిన్నెలో నూనె మబ్బుగా అయి, అంచుల్లో పేరుకుంటోంది. పాడైపోయిందని గుండె ఆగినంత పనైంది. మా అత్తమ్మ తాపీగా, "వెన్నలాగే పేరుకుంటుంది అది, ఎండలో పెట్టు" అంది. ఇప్పనూనె కాస్త చల్లగా ఉంటే చాలు గడ్డకడుతుంది. చలికాలంలో అయితే గరిటెతో తవ్వుకోవాల్సిందేనట. సన్నమూతి సీసాలో పోసుకోకండి, వెడల్పు మూతి డబ్బా మేలు.

మూడు రోజులు కదపకుండా ఉంచితే అడుగున మడ్డి దిగింది. పైది వంచి గుడ్డలో వడగట్టి, 17న కాచాను. ఇది పెద్దమ్మ చెప్పిన తీరు: చిన్న చింతపండు రెక్క, రెండు కరివేపాకు రెబ్బలు వేసి, చిటపటలు పూర్తిగా ఆగి, చింతపండు నల్లబడే దాకా సన్నమంట మీద. చిటపటలాడుతున్నంతసేపూ అందులో నీరు ఉన్నట్టే. ఇల్లంతా ఘాటు వాసన, కిటికీలు తీసి పెట్టాల్సి వచ్చింది. చల్లారాక చుక్క నాలుక మీద వేసుకున్నాను. చేదు దాదాపు పోయింది, చివర్లో ఎక్కడో చిన్న వగరు. ఆ నురగ వంట తాలూకు 120 మిల్లీలీటర్లు మాత్రం ఎంత కాచినా గొంతులో గీరింది. అది దేవుడి దీపానికి వేరే పెట్టాను.

18న మినప్పప్పు రుబ్బి గారెలు. మొదటి గారె వేయగానే నురగ లేచింది, భయపడి మంట తగ్గించాను. రెండో దానికి సర్దుకుంది. రంగు మామూలే. వాసన మాత్రం ప్యాకెట్ నూనె అలవాటైనవాళ్ళకు తేడాగా తెలుస్తుంది, ఎక్కడో పువ్వు వాసన గుర్తొస్తుంది. మా అమ్మాయి ఒకటి తిని, "బాగానే ఉంది కానీ రోజూ వద్దు" అంది. మా అత్తమ్మ నాలుగు తిని, రెండు పక్కన దాచుకుంది, రేపు మెత్తగా ఉంటాయో లేదో చూడాలని. మర్నాడు పొద్దున తిని తలాడించింది.

ఈ నూనె మోకాళ్ళకు మంచిదంట కదా, జుట్టుకు మంచిదంట కదా అని వీధిలో నలుగురు అడిగారు. నాకు తెలియదు. నాకైతే ఏరి ఏరి నడుం నొప్పి వచ్చింది.

లెక్క అడుగుతారు కదా. చట్రం, పైపు 2,350. టార్పాలిన్ 600. చొక్కా గుడ్డ 180. యూనిఫాంల ఆర్డర్లు ఆలస్యమై వేరేచోటికి వెళ్ళిపోయినవి ఆరు జతలు, ఒక్కో జత కుట్టుకూలి 450 చొప్పున 2,700. నూనె కాచి వడగట్టాక 2 లీటర్ల 50 మిల్లీలీటర్లు. అందులో అర లీటరు పెద్దమ్మకు ఇచ్చాను, పైపు పక్కన కూర్చుని చెప్పకపోతే ఆ రెండు లీటర్లు కూడా లేవు. పిప్పి ఐదు కిలోల దాకా మిగిలింది. కొంత మల్లెపాదుకు, మిగతాది వచ్చేవారం మా తమ్ముడు వస్తే పట్టుకెళ్తానన్నాడు.

నిన్న పెద్దమ్మ కోడలు వచ్చింది. నెత్తిన మూట. విప్పితే ఎండబెట్టిన ఇప్పబద్దలు, పన్నెండు కిలోలకు తక్కువ ఉండవు, మావాటికంటే తెల్లగా, బూజు లేకుండా. సంతకు వేయకుండా ఆపారట. "వదినా, ఆ జాకీ రెండు రోజులు ఇస్తరా?" అంది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన చొక్కా వేసుకుని భద్రాచలం వెళ్ళి కొత్త జాకీ కొనుక్కొచ్చాడు. 2,200. అది పై లెక్కలో కలపలేదు.